యుద్ధపు ఖజానాలో పుస్తకానికి వాటా

2022 ఫిబ్రవరిలో రష్యా సేనలు ఉక్రెయిన్‌పై దండెత్తేనాటికి ఆ దేశపు నగరాల పేర్లు తెలుగు ఇళ్లకు కొత్తవి కావు. వైద్యవిద్య కోసం కీవ్, ఖార్కివ్ నగరాలకు వెళ్లిన పిల్లలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. వారు సరిహద్దులు దాటి, ప్రత్యేక విమానాల్లో స్వదేశం చేరేవరకు ఎన్నో కుటుంబాలకు కంటిమీద కునుకు లేదు. పిల్లలు ఇల్లు చేరాక ఆ పేర్లు మెల్లగా మన సంభాషణల్లోంచి తొలగిపోయాయి. యుద్ధం మాత్రం ఆగలేదు. ఆ యుద్ధం నడుమ, 2023 జూలైలో, కీవ్ నగరంలో ఒక వివాదం చెలరేగింది. ఫిరంగుల మోతలో ప్రపంచం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. పుస్తకాలతోనూ పత్రికలతోనూ జీవించే మాబోటివారికి మాత్రం అది తీరిగ్గా ఆలోచించవలసిన విషయంగా తోచింది. దాన్నే ఈ నెల పాఠకుల ముందుంచుతున్నాము.

1932-33 సంవత్సరాల్లో స్టాలిన్ ప్రభుత్వ విధానాల వల్ల ఉక్రెయిన్‌లో ఘోరమైన కరువు వచ్చింది. లక్షలాది రైతు కుటుంబాలు ఆకలికి బలైపోయాయి. ఆ దేశస్థులు దాన్ని హొలొదొమోర్ అంటారు. ఆ మృతుల స్మారకంగా కీవ్‌లో ఒక జాతీయ మ్యూజియం ఉంది. దాని కొత్త భవన నిర్మాణం యుద్ధం రాకతో మధ్యలో నిలిచిపోయింది. దాన్ని పూర్తి చేయడానికి 57 కోట్ల 39 లక్షల హ్రివ్నియాలు కేటాయిస్తూ 2023 జూలైలో పార్లమెంటు తీర్మానించింది. టీవీ ధారావాహికలకు నిధులు, నగర వీధుల్లో కొత్త రాతిపలకలు వంటి ఖర్చులపై అప్పటికే ప్రజల్లో అసంతృప్తి రగులుతోంది. సైన్యానికి డ్రోన్లు కొనడానికి సామాన్యులు చందాలు పోగుచేస్తున్న రోజులవి. మా బిడ్డ కందకంలో ఉన్నాడు, మీరు భవనాలు కడుతున్నారా అని జనం నిలదీశారు.

అధ్యక్షుడు జెలెన్‌స్కీ ఆ చట్టాన్ని ఆమోదించక తిప్పిపంపారు. యుద్ధ సమయంలో ప్రభుత్వ ధనం సాధ్యమైనంతగా రక్షణకే వెళ్లాలని, మ్యూజియాలూ సాంస్కృతిక కార్యక్రమాలూ ముఖ్యమే అయినా వాటికి ప్రభుత్వేతర నిధులు వెతుక్కోవాలని ప్రకటించారు. సంస్కృతి శాఖ మంత్రిని మార్చే విషయం ఆలోచించమని ప్రధానికి సూచించారు. ఆ మంత్రి ఒలెక్సాండర్ త్కచెంకో ఒకప్పుడు టీవీ రంగంలో పేరున్న నిర్మాత. యుద్ధంలో సంస్కృతికి డ్రోన్లకన్నా తక్కువ విలువ లేదని, జాతి అస్తిత్వానికి అది డాలు వంటిదని వాదిస్తూ ఆయన రాజీనామా సమర్పించారు. జూలై 27న పార్లమెంటు ఆయనను తొలగించింది. ఆ తర్వాత ఏడాదికి పైగా ఆ శాఖకు పూర్తిస్థాయి మంత్రే లేరు.

ఈ వాదంలో ఎవరిది న్యాయం? డ్రోన్ అన్నది ఆ తల్లికి ఆయుధం కాదు, తన కొడుకు మరో వారం బతికి ఉండే అవకాశం. ఆమె ముందు నిలబడి మ్యూజియం గొప్పతనాన్ని వర్ణించే ధైర్యం మాకు లేదు. అయితే మంత్రిగారి మాటను ఒక అధికారి ఆత్మరక్షణగా కొట్టిపారేయడమూ సరికాదు. ఆ దేశంలో యుద్ధం భూమికోసం మాత్రమే జరగడం లేదు. ఉక్రెయిన్ భాషకు, చరిత్రకు వేరే ఉనికి లేదని దండెత్తినవారే బాహాటంగా అంటున్నారు. 2022 మే నెలలో ఖార్కివ్ ప్రాంతంలోని ఒక గ్రామంలో 18వ శతాబ్దపు తత్త్వవేత్త హ్రిహోరీ స్కొవొరొదా మ్యూజియంపై క్షిపణి పడింది. అది ఆయన త్రిశత జయంతి సంవత్సరం. వస్తువులను ముందే తరలించి ఉంచడం వల్ల అవి దక్కాయి, భవనం కాలిపోయింది. ఖేర్సన్ నగరాన్ని విడిచి వెళ్లే ముందు రష్యా సేనలు అక్కడి చిత్రకళా మ్యూజియంలోని పదివేలకు పైగా కళాఖండాలను లారీలకెత్తి తీసుకుపోయాయి. యుద్ధంలో దెబ్బతిన్న సాంస్కృతిక స్థలాలు నాలుగువందలకు పైగా ఉన్నట్లు యునెస్కో ధ్రువీకరించింది. శత్రువు పనిగట్టుకుని వెతుకుతున్న వస్తువును, ఇప్పుడు దీనికి తీరిక లేదని ఇంటివారే వాకిట్లో వదిలేయగలరా?

ఇటువంటి చర్చ వచ్చిన ప్రతిచోటా విన్‌స్టన్ చర్చిల్ పేరుమీద ఒక మాట ప్రచారంలోకి వస్తుంది. యుద్ధం కోసం కళలకిచ్చే నిధులు కోయమని ఎవరో అడిగితే, మరి మనం పోరాడుతున్నది దేనికోసం అని ఆయన ఎదురుప్రశ్న వేశారట. వినడానికి బాగుంటుంది. అయితే చర్చిల్ ప్రసంగాలను, పత్రాలను గాలించిన పండితులకు ఆ మాట ఎక్కడా దొరకలేదు. అది తర్వాతి కాలపు కల్పన. నేషనల్ గ్యాలరీలోని చిత్రాలను ఓడల్లో కెనడాకు పంపుదామన్నప్పుడు ఆయన ఒప్పుకోలేదన్నది మాత్రం నిజం. వాటిని దేశంలోనే గుహల్లోనో నేలమాళిగల్లోనో దాచమన్నారు. అలాగే అవి వేల్స్‌లోని మానోడ్ అనే పలకరాతి గనికి చేరి యుద్ధం ముగిసేవరకు భద్రంగా ఉన్నాయి. అందమైన అబద్ధం చేతిలో ఉండగా నిజం వెతికే ఓపిక తక్కువమందికి ఉంటుంది. ఈ విషయంలో నిజమే ఎక్కువ పనికొస్తుంది.

1940 ఆరంభంలో, లండన్‌పై బాంబుల వాన ఇంకా మొదలుకాకముందే, సంగీతాన్నీ ఇతర కళలనూ ప్రోత్సహించడానికి బ్రిటన్‌లో ఒక మండలి ఏర్పడింది. అమెరికా దాత ఒకరు నెలకొల్పిన పిల్‌గ్రిమ్ ట్రస్టు 25 వేల పౌండ్లిచ్చింది. దానికి దీటుగా ప్రభుత్వం కూడా నిధులు జతచేసింది. ఆ డబ్బుతో కొత్త భవనం ఒక్కటీ కట్టలేదు. సిబిల్ థార్న్‌డైక్ వంటి పేరొందిన నటి ఉన్న బృందం షేక్‌స్పియర్ నాటకం పట్టుకుని వేల్స్‌లోని బొగ్గుగని పల్లెలకు వెళ్లింది. కర్మాగారాల్లో భోజన విరామంలో కచేరీలు జరిగాయి. ఎన్నడూ చిత్రశాల చూడని ఊళ్లకు చిత్రాలు ప్రయాణించాయి. చిత్రాలు తరలిపోయి ఖాళీగా ఉన్న నేషనల్ గ్యాలరీ గదుల్లో మైరా హెస్ అనే పియానో విద్వాంసురాలు ఒక షిల్లింగు టిక్కెట్టుతో మధ్యాహ్న కచేరీలు నడిపారు. ఆరున్నరేళ్లలో 1,698 కచేరీలు జరిగాయి. వినడానికి వచ్చినవారు ఎనిమిది లక్షల పైచిలుకు. సంగీతం విషయంలో మన ఇళ్లల్లో అభిప్రాయాలు వేరువేరుగా ఉన్నాయని మాకు తెలుసు, ఆ చర్చకు ఇది స్థలం కాదు. మా దృష్టి ఆ ఎనిమిది లక్షల మందిపైన ఉంది. రాత్రంతా సైరన్లు విని, తెల్లవారి కొలువుకు వచ్చి, ఒక గంటసేపు పదిమంది మధ్య నిశ్శబ్దంగా కూర్చోవడానికి వారికి ఒక చోటు దొరికింది.

1942లో లండన్ పౌరులు మరో కోరిక కోరారు. అన్నీ గనిలో దాచారు సరే, కనీసం ఒక్క చిత్రాన్నైనా చూడనివ్వండి అన్నారు. అప్పటినుంచి నెలకొక చిత్రం గనిలోంచి లండన్‌కు వచ్చేది. పగలు గోడమీద ఉండేది, ప్రమాద సంకేతం వినిపిస్తే నేలమాళిగకు దిగేది. ఒక్క చిత్రం కోసం జనం బారులు తీరారు.

పుస్తకాల సంగతి మాకు ఇంకా దగ్గరిది. 1940లో బ్రిటన్ ప్రభుత్వం కొత్త అమ్మకపు పన్నులో పుస్తకాలను కూడా చేర్చబోయింది. రచయితలు, ప్రచురణకర్తలు, మతపెద్దలు ఏకమై నిరసన తెలిపారు. చేతిలో చిల్లిగవ్వ మిగలని ఆ రోజుల్లోనే ఆర్థికమంత్రి వెనక్కు తగ్గి పుస్తకాలకు మినహాయింపు ఇచ్చారు. ఖజానా నుంచి డబ్బు ఇవ్వడం ఒక సాయం, తీసుకోకుండా ఉండడం మరొక సాయం. రెండవది పత్రికల పతాక శీర్షికల్లో కనబడదు గానీ పాఠకుడి జేబుకు తెలుస్తుంది. అదే ఏడాది డిసెంబరు 29 రాత్రి పుస్తక వ్యాపారానికి పుట్టిల్లయిన పాటర్‌నోస్టర్ రో వీధి బాంబులకు తగలబడి లక్షలాది పుస్తకాలు బూడిదయ్యాయి. కాగితానికి రేషన్ ఉండేది, అచ్చు చిన్నదైంది, అంచులు ఇరుకయ్యాయి. చదువరుల సంఖ్య మాత్రం తగ్గలేదు.

అక్కడి ప్రభుత్వానికి వేరే ఉద్దేశాలు లేవని మేము అనడం లేదు. సమాచార మంత్రిత్వ శాఖ నీడలో పనిచేసిన యుద్ధ చిత్రకారుల సంఘం నాలుగువందల మందికి పైగా కళాకారులచేత దాదాపు ఆరువేల చిత్రాలు వేయించింది. ఏవి ప్రజలకు చూపాలో ఏవి చూపకూడదో సెన్సారు నిర్ణయించేది. అయితే ఆ సంఘానికి నాయకత్వం వహించిన కెన్నెత్ క్లార్క్ తన అసలు ఉద్దేశాన్ని తర్వాత చెప్పారు. వీలైనంతమంది కళాకారులను చావకుండా కాపాడాలన్నదే ఆయన ఆలోచన. ముగ్గురిని కాపాడలేకపోయారు. 1942లో పెద్ద ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్ పై మండలికి అధ్యక్షులయ్యారు, అదే యుద్ధానంతరం బ్రిటన్ కళామండలిగా మారింది. డబ్బు ప్రభుత్వానిది, ఎవరికివ్వాలన్న నిర్ణయం మంత్రులది కాదు అన్న పద్ధతి దానికి పునాది అయింది. ఉక్రెయిన్‌లో జనానికి కోపం రావడానికి ఈ దూరం లేకపోవడం కూడా ఒక కారణమని మా అభిప్రాయం. అక్కడ యుద్ధం మొదలైనప్పటినుంచి ప్రధాన టీవీ ఛానళ్లన్నీ కలిసి ఒకే వార్తాప్రసారం నడిపాయి. మొదట్లో ధైర్యమిచ్చిన ఆ ప్రసారాన్ని, రోజులు గడిచేకొద్దీ, ఇది సర్కారు గొంతే కదా అని జనం నమ్మడం తగ్గించారు. దానికీ ఖజానా నుంచే డబ్బు వెళుతుంటే, సంస్కృతి అన్న మాట పలికినవాడల్లా అనుమానితుడే అయ్యాడు.

యుద్ధకాలపు సాయం రాతికి కాదు, మనిషికి చేరాలి. ఆ వేసవిలోనే కీవ్‌లో మాతృభూమి విగ్రహం చేతిలోని డాలుపై సోవియట్ చిహ్నాన్ని తొలగించి త్రిశూల ముద్ర పెట్టారు. దానికి 2 కోట్ల 80 లక్షల హ్రివ్నియాలు అయ్యాయి. అవి వ్యాపార సంస్థలు ఇచ్చినవి, ప్రభుత్వ పద్దులోవి కావు. అయినా జనానికి రుచించలేదు. ఎత్తున కనబడే వస్తువుపై ఖర్చు అయ్యే ప్రతి నాణెం కందకంలోని సైనికుణ్ణి గుర్తుచేస్తుంది. ఒక చిన్న గ్రంథాలయ ఉద్యోగి జీతంపై, ఒక మ్యూజియం బీరువాపై అలాంటి కోపం ఎవరికీ రాదు. అసలు పని జరిగేది అక్కడే.

వొలొదిమిర్ వకులెంకో ఉదంతం అందుకు సాక్ష్యం. ఆయన బాలసాహిత్యవేత్త, ఇజియం పట్టణం దగ్గరి కపితోలివ్కా గ్రామవాసి. 2022 మార్చిలో రష్యా సేనలు ఆ గ్రామాన్ని ఆక్రమించాయి. తనను పట్టుకుపోతారని ఊహించి, ఆ రోజుల గురించి రాసుకున్న దినచర్యను ఆయన పెరట్లోని చెర్రీ చెట్టు కింద పాతిపెట్టారు. ఊహించినట్టే జరిగింది. సెప్టెంబరులో ఆ ప్రాంతం విముక్తమయ్యాక విక్టోరియా అమెలినా అనే నవలా రచయిత్రి అక్కడికి వెళ్లి, వకులెంకో తండ్రితో కలిసి నేల తవ్వి ఆ కాగితాలను వెలికితీశారు. రచయిత భౌతికకాయం ఇజియం అడవిలో 319వ నంబరు సమాధిలో దొరికింది. తడిసిన ఆ కాగితాలను ఆమె ఖార్కివ్ సాహిత్య మ్యూజియానికి అప్పగించారు. యుద్ధభూమికి కూతవేటు దూరంలో, కిటికీలు పగిలే నగరంలో, ప్రజాధనంతో నడిచే ఆ సంస్థలో జీతానికో బాధ్యతకో కట్టుబడి కొందరు మిగిలి ఉన్నారు కాబట్టి ఆ కాగితాలు ఆరాయి, చదవడానికి వీలయ్యాయి, 2023 జూన్‌లో కీవ్ పుస్తకోత్సవం నాటికి గ్రంథంగా వెలువడ్డాయి. ఉత్సవం ముగిసిన రెండు రోజులకే క్రమతోర్స్క్‌లో ఒక భోజనశాలపై పడిన క్షిపణికి అమెలినా గాయపడి, జూలై 1న కన్నుమూశారు. ఆమె వయసు 37 ఏళ్లు. ఆ పుస్తకానికి ముందుమాట ఆమెదే.

మంత్రి తొలగింపు చర్చ నడిచింది ఆ మరణం తర్వాత మూడు వారాలకు. భవనం లెక్కలో పడి ఈ కాగితాల లెక్క మరుగున పడిందని మాకనిపిస్తుంది.

తర్వాతి ఏడాది మే 23న ఖార్కివ్‌లో ఫాక్టర్ ద్రుక్ అనే పెద్ద ముద్రణాలయంపై క్షిపణులు పడి ఏడుగురు ఉద్యోగులు మరణించారు. వేలాది పుస్తకాలు కాలిపోయాయి. వారం తిరిగేసరికి మొదలైన కీవ్ పుస్తకోత్సవంలో ఆ కాలిన పుస్తకాలనే ప్రదర్శనకు పెట్టారు. ఆ సంవత్సరం చివర ప్రభుత్వం ఒక చిన్న పథకం ప్రారంభించింది. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి యువతీయువకుడికీ ఉక్రెయిన్ భాషా పుస్తకాలు కొనుక్కోవడానికి అప్పట్లో 908 హ్రివ్నియాలు ఇచ్చారు. మన లెక్కలో రెండువేల రూపాయలు కూడా కాదు. మూడు నాలుగు పుస్తకాలు వస్తాయేమో. విగ్రహం చుట్టూ లేచినంత దుమారం దీని చుట్టూ లేవలేదు. పుస్తకం ఎన్నుకున్నది ఆ కుర్రవాడే, మంత్రి కాదు. డబ్బు చేరింది దుకాణదారుకు, ముద్రాపకుడికి, రచయితకు. 1940 నాటి బ్రిటన్ మండలి చేసిన పనికి ఇది దగ్గరి చుట్టం.

ఇంతవరకు చెప్పింది తనకంటూ ఒక రాజ్యం ఉన్న జాతి సంగతి. రాజ్యం లేని జాతి మాటేమిటి? ఉక్రెయిన్ కథలో మన పాఠకులకు గుండె దగ్గరగా తాకే పుట ఒకటుంది. అది క్రిమియా తాతారుల పుట. ఆ ద్వీపకల్పానికి చెందిన ముస్లిం ప్రజలు వారు, టర్కీ భాషకు దగ్గరి భాష మాట్లాడతారు. వారి పాత రాజధాని బఖ్చిసరాయ్ నుంచి 1883లో ఇస్మాయిల్ గస్ప్రిన్‌స్కీ ‘తెర్జుమాన్’ పత్రిక ప్రారంభించారు. పిల్లలకు చదువు త్వరగా వచ్చేలా మక్తబ్‌ల బోధనాపద్ధతిని మార్చారు. ఆయన కుమార్తె షఫీకా సంపాదకత్వంలో 1906లో ‘ఆలమె నిస్వాన్’ వెలువడింది. ముస్లిం స్త్రీలకోసం ఒక కుటుంబ పత్రిక నూట ఇరవై ఏళ్ల కిందట నల్లసముద్ర తీరాన నడిచిందన్న సంగతి ఈ పుటలు చదివే మన అక్కచెల్లెళ్లకు తెలియాలని మా కోరిక.

రెండవ ప్రపంచయుద్ధంలో సోవియట్ రాజ్యం కూడా కళలను కాపాడింది. నగరాలపై బాంబులు పడుతుంటే నాటకశాలలను, సంగీత విద్యాలయాలను, సినిమా స్టూడియోలను రైళ్లకెత్తి మధ్య ఆసియాకు పంపింది. లెనిన్‌గ్రాడ్ సంగీత విద్యాలయం తాష్కెంట్‌లో పనిచేసింది. 1944 మే 18న అదే రాజ్యం మరికొన్ని రైళ్లు సిద్ధం చేసింది. శత్రువుతో చేతులు కలిపారన్న నింద జాతి మొత్తంపై వేసి, మూడు రోజుల్లో దాదాపు రెండు లక్షల క్రిమియా తాతారులను పశువుల పెట్టెల్లో ఎక్కించి పంపింది. అత్యధికులు చేరింది ఉజ్బెకిస్తాన్‌కే. ఆ రైళ్లలో నాటకశాల లేదు, ముద్రణాలయం లేదు. క్రిమియాలో వారి పత్రికలు ఆగాయి, బడులు మూతపడ్డాయి, ఊళ్ల పేర్లు మారాయి. 1957లో తాష్కెంట్‌లో ఒక సర్కారు పత్రిక మొదలయ్యేవరకు, పదమూడేళ్లపాటు, ఆ భాషలో చదువుకోవడానికి వారికి ఒక పత్రిక లేదు. ఒక తరం పిల్లలకు అమ్మ మాట మాత్రమే బడి. స్వస్థలానికి తిరిగి రావడానికి ఎనభైల చివరిదాకా ఆగవలసి వచ్చింది. అప్పటికి ఆ భాష ఎంత చిక్కిపోయిందంటే, తీవ్ర ప్రమాదంలో ఉన్న భాషల జాబితాలో యునెస్కో దాన్ని చేర్చింది.

2014లో క్రిమియా రష్యా వశమైంది. తాతారుల టీవీ ఛానల్ ఏటీఆర్ 2015 ఏప్రిల్ 1న అక్కడ మూగబోయి కీవ్‌కు తరలిపోయింది. బఖ్చిసరాయ్‌లోని ఖాన్‌ల రాజప్రాసాదంలో 2017 నుంచి మరమ్మతుల పేరిట జరిగిన పనుల్లో పెద్ద ఖాన్ మసీదు పైకప్పు పాతపెంకులు పోయి కొత్తవి వచ్చాయి. చరిత్రను చెరిపేయడానికి బాంబే అవసరం లేదు, గుత్తేదారు చాలు.

ఇటు కీవ్ ప్రభుత్వం 2021 జూలైలో క్రిమియా తాతారులను ఆ నేల మూలవాసులుగా చట్టంలో గుర్తించింది. వారి భాషకు లాటిన్ అక్షరమాలను అదే ఏడాది ఖరారు చేసింది. 2022లో, అంటే సొంత రాజధాని చుట్టూ శత్రు ట్యాంకులు మోహరించిన ఏడాదిలోనే, 2032 వరకు ఆ భాషాభివృద్ధికి ఒక ప్రణాళిక ప్రకటించింది. ఆ భాషలోని గ్రంథాలను, పత్రికలను ఒకచోట చేర్చే డిజిటల్ భాండాగారం పని మొదలైంది. కాగితం మీద ఇది గొప్ప సంకల్పం, మేము కాదనము. అయితే దశాబ్దాలపాటు తాతారులు అడిగిన గుర్తింపు క్రిమియా చేజారాక గానీ రాలేదన్నదీ నిజమే. తన భాషను మరొకరు కాదంటున్నారని ఆయుధం పట్టిన రాజ్యం, తన నీడలోని చిన్న భాషకు పద్దులో ఎంత వాటా ఇస్తుందో చూడాలి. సంస్కృతి కోసం పోరాడుతున్నామన్న మాట బరువు అక్కడ తెలుస్తుంది.

ఆ లెక్క చూడడం సులభమే. పద్దెనిమిదేళ్ల క్రిమియా తాతారు యువతి ఒకామె కీవ్‌లోనో ల్వివ్‌లోనో శరణార్థిగా ఉందనుకుందాం. ఆమెకూ ఆ హ్రివ్నియాలు వస్తాయి. వాటితో ఆమె తన దేశపు భాషలో పుస్తకం కొనుక్కుంటుంది, కొనుక్కోవాలి కూడా. నానమ్మ మాట్లాడిన భాషలో ఒక కథల పుస్తకం అడిగితే, ఆ దుకాణదారు ఏ అరవైపు చూస్తాడు?